నర్సింగ్ హోమ్ ఖర్చుకి ఇల్లు పోకూడదంటే పిల్లల పేరు మీద రాసేయాలా?

ప్రశ్న: డాలస్ పక్కన ప్లేనోలో అమ్మానాన్నలకి సొంత ఇల్లుంది, లోన్ తీరిపోయింది. ఇద్దరూ సిటిజన్లే. నాన్నకి పార్కిన్సన్స్ ముదురుతోంది, నర్సింగ్ హోమ్ తప్పేలా లేదు. ఇల్లు ఇప్పుడే నా పేరు మీద రాయించుకుంటే మెడికెయిడ్ (డబ్బు లేనివాళ్ళకి నర్సింగ్ హోమ్ ఖర్చు కట్టే ప్రభుత్వ పథకం) వాళ్ళు ముట్టుకోలేరని అందరూ చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: రాయించుకోకండి. ఆ ఇంటికి జరగగలిగిన నష్టాల్లో అన్నిటికంటే పెద్దది మీరే మీ చేత్తో చేసినట్టవుతుంది. వీకెండ్ పార్టీల్లో, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఈ సలహా ఇచ్చేవాళ్ళలో ఒక్కరైనా మెడికెయిడ్ అప్లికేషన్ ఫారం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి ఉండరు.

ముందు ఖర్చు సంగతి. 2024 జెన్‌వర్త్, కేర్‌స్కౌట్ సర్వే ప్రకారం ఇద్దరుండే గదికే దేశవ్యాప్త మధ్యస్థ ధర ఏడాదికి 1,11,325 డాలర్లు. మెడికేర్ (65 దాటినవాళ్ళ ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇది కట్టదు. అది కట్టేది ఆసుపత్రి తర్వాత కోలుకోవడానికి అవసరమయ్యే స్కిల్డ్ నర్సింగ్‌కి, అదీ గరిష్ఠంగా 100 రోజులు. మొదటి 20 రోజులే పూర్తిగా. 21వ రోజు నుంచి 2025లో రోజుకు 209.50 డాలర్లు మీ వాటా. దానికి ముందు ఆసుపత్రిలో వరుసగా 3 రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండాలి. మంచం మీద పడుకోబెట్టి, సెలైన్ ఎక్కించి, ఫైల్లో మాత్రం 'అబ్జర్వేషన్' అని రాస్తే ఆ రోజులు లెక్కలోకి రావు. నాన్నగారు అడ్మిట్ అయిన రోజే నర్సుని కాదు, కేస్ మేనేజర్‌ని అడగండి: ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా?

ఇక రాసిచ్చే సంగతి. అప్లికేషన్ పెట్టిన తేదీ నుంచి వెనక్కి 60 నెలల్లో ఉచితంగానో తక్కువ ధరకో ఎవరికి ఏం ఇచ్చినా మెడికెయిడ్ చూస్తుంది. 2006 ఫిబ్రవరి 8 తర్వాత జరిగిన బదిలీలన్నిటికీ ఇదే రూలు. ఇచ్చిన ఆస్తి విలువని రాష్ట్రం నిర్ణయించిన సగటు నర్సింగ్ హోమ్ ఖర్చుతో భాగిస్తారు. ఎన్ని నెలలొస్తే అన్ని నెలలు మెడికెయిడ్ కట్టదు. 4 లక్షల డాలర్ల ఇల్లు, లెక్క సులువు కోసం నెలకు 8,000 అనుకుంటే 50 నెలలు.

అందరూ దెబ్బతినేది ఇక్కడే. ఈ 50 నెలలు ఇల్లు రాసిచ్చిన రోజు నుంచి మొదలవ్వవు. నాన్నగారు నర్సింగ్ హోమ్‌లో చేరి, లెక్కలోకొచ్చే డబ్బంతా అయిపోయి, అప్లికేషన్ పెట్టి, ఈ బదిలీ ఒక్కటి లేకపోతే అర్హుడే అని తేలిన రోజు నుంచి మొదలవుతాయి. అంటే చేతిలో పైసా లేనప్పుడు. అప్లై చేసే తేదీ కూడా పీక మీదకి తెస్తుంది. 2022 జనవరిలో ఇల్లు రాసిచ్చి, 2025 జనవరిలో తొందరపడి అప్లై చేశారనుకోండి, 2029 మార్చి దాకా పెనాల్టీ. అదే కుటుంబం 24 నెలలు సొంత డబ్బు కట్టుకుని 2027 జనవరి దాటాక అప్లై చేస్తే పెనాల్టీయే లేదు. ఇప్పటికే రాసిచ్చేసిన వాళ్ళుంటే ఇంకో దారి ఉంది: ఇల్లు మొత్తం తిరిగి తల్లిదండ్రుల పేరు మీదకి మార్చేస్తే ఆ పెనాల్టీ పోతుంది.

టాక్స్ నష్టం వేరే ఉంది. 1998లో లక్షన్నరకి కొన్న ఇల్లు ఇప్పుడు నాలుగున్నర లక్షలు చేస్తుందనుకుందాం. బతికుండగా గిఫ్ట్‌గా ఇస్తే ఆ పాత లక్షన్నరే మీ కొనుగోలు ధర. మీరు అందులో ఉండకుండా అమ్మితే 3 లక్షల లాభం మీద ఫెడరల్ పన్ను 15 శాతం లెక్కన 45,000. వాళ్ళ తదనంతరం మీకు వస్తే ఆ రోజు మార్కెట్ ధరే మీ కొనుగోలు ధర అవుతుంది, పన్ను దాదాపు సున్నా. పైగా టైటిల్ మారగానే 65 దాటినవాళ్ళకి ఆస్తి పన్నులో ఉండే హోమ్‌స్టెడ్ (సొంతింటి) మినహాయింపు, స్కూల్ టాక్స్ పెరగకుండా ఆపే సీలింగ్ రెండూ పోతాయి. మీ వ్యాపారం మునిగినా, మీ కారు ఎవరినో గుద్దినా ఆ ఇల్లు మీ అప్పులవాళ్ళకి కనబడే ఆస్తి.

అసలు మీ విషయంలో ఇల్లు ప్రమాదంలోనే లేదు. అమ్మ ఆ ఇంట్లో ఉన్నంతకాలం దాని విలువ ఎంతైనా మెడికెయిడ్ లెక్కలోకి రాదు. నాన్న ఒక్కరే అయినా, తిరిగి ఇంటికి వెళ్ళే ఉద్దేశం ఉందని రాసిస్తే టెక్సాస్‌లో 2025లో 7,30,000 డాలర్ల ఈక్విటీ (ఇంటి విలువలోంచి అప్పు పోగా మిగిలేది) దాకా మినహాయింపే. లెక్కలోకొచ్చేది బ్యాంకు డబ్బు, సీడీలు (గడువు డిపాజిట్లు), షేర్లు, రెండో ఇల్లు. నాన్న ఆసుపత్రిలోనో నర్సింగ్ హోమ్‌లోనో వరుసగా 30 రోజులు ఉండే ఆ గడువు మొదలైన తేదీన ఇద్దరి పేరు మీదా ఉన్నదంతా కూడి, అందులో సగం అమ్మకి వదులుతారు. 2025లో కనిష్ఠం 31,584, గరిష్ఠం 1,57,920. నాన్న వాటా 2,000కి దిగాలి.

ఆ తేదీ చాలా ముఖ్యం. ఇద్దరికీ కలిపి 2 లక్షలుంటే అమ్మకి లక్ష. రూఫు, ఏసీ పాడయ్యాయని ఆ తేదీకి ముందే 40,000 ఖర్చు పెడితే మిగిలింది 1,60,000, అమ్మ వాటా 80,000కి పడిపోతుంది. అదే పని తర్వాత చేయిస్తే అమ్మ లక్ష అమ్మకే, రూఫు డబ్బు నాన్న వాటాలోంచి పోతుంది. నాన్న వాటా తగ్గించడానికి ఇంటి మరమ్మతు, కారు, వెనక్కి తీసుకోలేని ఫ్యూనరల్ కాంట్రాక్టు, అన్నీ న్యాయమైన ఖర్చులే. దాచాల్సిన పని లేదు, రసీదులుంటే చాలు. నాన్న నెల ఆదాయం పరిమితి (2025లో 2,901) దాటితే మాత్రం మిల్లర్ ట్రస్టు అనే ఆదాయపు ట్రస్టు పెట్టి అందులోకి మళ్ళించాలి; ఇది మర్చిపోయి అప్లికేషన్ తిరస్కరించబడిన కుటుంబాలు బోలెడు.

ప్రమాదం ఉన్నది తర్వాత. 1993 చట్టం ప్రకారం, 55 దాటినవాళ్ళకి మెడికెయిడ్ పెట్టిన నర్సింగ్ హోమ్ ఖర్చుని వాళ్ళు పోయాక ఎస్టేట్ (వాళ్ళు వదిలి వెళ్ళిన ఆస్తి) నుంచి రాష్ట్రం తప్పనిసరిగా వసూలు చేసుకోవాలి. భార్యో భర్తో బతికుంటే, 21 లోపు పిల్లలో వైకల్యం ఉన్న సంతానమో ఉంటే ఆగుతారు. ఎస్టేట్ అంటే ఏమిటన్నది ఒక్కో రాష్ట్రం ఒక్కోలా చెబుతుంది. న్యూజెర్సీ నిర్వచనం బాగా విశాలం. టెక్సాస్ మాత్రం ప్రొబేట్ (పోయినవాళ్ళ ఆస్తిని కోర్టు ద్వారా వారసులకి అప్పగించే పద్ధతి) ద్వారా వెళ్ళే ఆస్తి జోలికే వస్తుంది. అందుకే టెక్సాస్‌లో సరైన కాగితం లేడీ బర్డ్ డీడ్. ఇల్లు అమ్మానాన్నల పేరు మీదే ఉంటుంది. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, డీడ్‌నే రద్దు చేసుకోవచ్చు, మీ సంతకం అక్కర్లేదు. ఇద్దరూ పోయాక ప్రొబేట్ లేకుండా మీకు వస్తుంది. మెడికెయిడ్ దీన్ని బదిలీ కింద లెక్కకట్టదు కాబట్టి 60 నెలల గొడవ లేదు, టాక్స్ లాభమూ నిలుస్తుంది. లాయరు ఫీజు, రికార్డింగ్ కలిపి కొన్ని వందల డాలర్ల పని. ఫ్లోరిడా, మిషిగన్‌లో కూడా చెల్లుతుంది. మీ చుట్టం న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఏం చేశాడన్నది మీకు పనికిరాదు.

ఉచిత డిన్నర్ పెట్టి లివింగ్ ట్రస్టులు అమ్మే సెమినార్ల మీద నాకు చాలా కోపం. ఎప్పుడైనా రద్దు చేసుకోగల ట్రస్టు మెడికెయిడ్ నుంచి దేన్నీ కాపాడదు. పైగా టెక్సాస్‌లో ఆ ట్రస్టులోకి మార్చిన ఇల్లు మెడికెయిడ్ ఇచ్చే సొంతింటి మినహాయింపుని కోల్పోతుంది. మూడు నాలుగు వేలు పోసి, ఉన్న రక్షణ పోగొట్టుకోవడం అది. ట్రస్టు ఇప్పటికే ఉంటే అప్లై చేసేముందే ఇంటిని బయటికి తీయించండి.

'రెండేళ్ళు చూసుకున్న బిడ్డకి పెనాల్టీ లేకుండా ఇవ్వొచ్చు' అనే మాటా వింటుంటారు. నిజమే, కానీ షరతు గట్టిది: మీరు వాళ్ళింట్లో, నర్సింగ్ హోమ్‌కి వెళ్ళేముందు వరుసగా రెండేళ్ళు ఉండి, మీ సేవ వల్లే అది వాయిదా పడిందని డాక్టరు ఉత్తరం ఇవ్వాలి. మీ లైసెన్సు, టాక్స్ రిటర్నుల మీద ఆ చిరునామా ఉండాలి. మన ఇళ్ళలో జరిగేది రివర్సు, అమ్మానాన్నలే కొడుకింటికి వస్తారు. అలా వస్తే ఈ మినహాయింపు వర్తించదు.

ఇప్పుడు మనవాళ్ళు ఎవరూ నోరు విప్పని విషయం: ఇండియాలో ఆస్తి. తెనాలిలో స్థలం, గుంటూరు ఇంట్లో సగం వాటా, ఎన్ఆర్ఓ ఎఫ్‌డీలు, అన్నీ అప్లికేషన్‌లో రాయాల్సినవే. 'అక్కడిది ఇక్కడ ఎవడికి తెలుస్తుంది' అని దాచకండి. సంతకం పెట్టేది అబద్ధమైతే శిక్షకి సిద్ధమని. పైగా ఏపీలో, తెలంగాణలో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే సర్టిఫికెట్) ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరైనా తీయొచ్చు. గత 60 నెలల్లో తమ్ముడికి రాసిచ్చిన గిఫ్ట్ డీడ్, మేనకోడలి పెళ్ళికి పంపిన 10 లక్షలు, గుడికి ఇచ్చిన విరాళం, ఇవి కూడా ప్లేనో ఇల్లు రాసివ్వడంతో సమానమైన బదిలీలే. పంపకం కాని ఉమ్మడి ఆస్తి అయితే అమ్ముకునే వీల్లేదని కాగితాలతో చూపించాలి. వారసత్వంగా వచ్చిన పొలమైతే ఓసీఐ ఉన్నవాళ్ళు దాన్ని ఇండియాలో ఉంటున్న భారత పౌరులకే అమ్మగలరన్నదీ రాసివ్వాలి.

ఇండియా ఆస్తి అమ్మాలంటే తొందరపడండి. పార్కిన్సన్స్‌లో సంతకం చిన్నదైపోయి, వంకర తిరిగి, పదేళ్ళ కిందటి బ్యాంకు కార్డు మీద ఉన్నదానితో కలవదు. బ్యాంకు ఆపేస్తుంది. జీపీఏ ఇక్కడ నోటరీ, అపోస్టిల్ చేయించి పంపితే ఇండియా చేరిన 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి. కొనేవాడు టీడీఎస్ కోస్తాడు. ఎన్ఆర్ఓ నుంచి డబ్బు తెచ్చుకోవాలంటే ఆదాయపు పన్ను డిక్లరేషన్ ఫారం, చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కావాలి.

అడ్మిషన్ రోజు గురించి విడిగా చెప్పాలి, ఇల్లు నిలిచినా మీ జేబు పోయేది అక్కడే. సాధారణంగా ఆసుపత్రి గురువారం సాయంత్రం మూడు నర్సింగ్ హోమ్‌ల పేర్లిచ్చి, రేపు డిశ్చార్జి అంటుంది. శుక్రవారం నాన్నని వీల్‌చెయిర్లో తెచ్చి హాల్లో కూర్చోబెడతారు, మీ చేతికి టాబ్లెట్ ఇస్తారు. అరవై పేజీలు, ప్రతి పేజీకీ 'ఇక్కడ సంతకం' అని పసుపు గడి. మధ్యలో ఎక్కడో 'రెస్పాన్సిబుల్ పార్టీ', అంటే బిల్లుకి పూచీ పడేవాళ్ళు. నాన్నకి చలేస్తోంది, అమ్మ దుప్పటి వెతుకుతోంది, మీరు చకచకా వేలితో గీసేస్తారు. ఆగండి. అడ్మిషన్ ఇవ్వడానికి మూడో మనిషి గ్యారంటీ అడగకూడదని ఫెడరల్ చట్టం ఉంది. నాన్న పేరు రాసి, కింద మీ పేరు, పక్కన 'ఏజెంట్ అండర్ పవర్ ఆఫ్ అటార్నీ' అని రాయండి, ఒట్టి మీ సంతకం ఎక్కడా వద్దు. ఆర్బిట్రేషన్ (గొడవొస్తే కోర్టుకి కాక మధ్యవర్తి దగ్గరికి వెళ్ళే ఒప్పందం) పేజీ తప్పనిసరి కాదు; పొరపాటున సంతకం పెట్టినా 30 రోజుల్లో రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు.

మీలాగే కాక, అమ్మానాన్నలు గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళకి ఒక్క మాట: కార్డు వచ్చిన మొదటి 5 ఏళ్ళు మెడికెయిడ్ దాదాపు లేదు, ఆ తర్వాత కూడా స్పాన్సర్ చేసిన పిల్లల ఆదాయం లెక్కేస్తారు. వాళ్ళ మొదటి అడుగు సిటిజన్‌షిప్.

మీరు చేయాల్సినది ఈ వారంలోనే. నాన్నకి మాట, మతి స్పష్టంగా ఉండగా డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ (తర్వాత మతి తప్పినా చెల్లే అధికార పత్రం) రాయించండి. అందులో స్థిరాస్తి డీడ్లు మార్చే అధికారం, గిఫ్టులిచ్చే అధికారం విడివిడిగా రాసి ఉండాలి, మామూలు ఫారంలో ఆయా చోట్ల ఇనిషియల్స్ పెట్టకపోతే ఇవి రావు. అదే సిటింగ్‌లో ఇద్దరి పేరు మీదా లేడీ బర్డ్ డీడ్. మన పేర్లతో ఇక్కడ ఒక చిక్కు వస్తుంది: పాత వారంటీ డీడ్ మీద ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో ముందు, సిటిజన్‌షిప్ సర్టిఫికెట్‌లో 'వెంకట' ఎగిరిపోయి ఉంటుంది. ఇల్లు కొన్నప్పటి డీడ్ కాపీ కాలిన్ కౌంటీ క్లర్క్ రికార్డుల్లో తీసి, కొత్తదాంట్లో అక్షరం పొల్లుపోకుండా అదే పేరు రాయించి, మిగతా రూపాలన్నీ 'ఆల్సో నోన్ యాజ్' కింద చేర్పించండి.