నర్సరీ వాట్సాప్ బాట్ ఇచ్చిన మాట

మీ కడియం నర్సరీ బాట్ (కస్టమర్లకి తనంతట తానే జవాబులిచ్చే ప్రోగ్రాం) 'చచ్చిన మొక్కకి కొత్తది ఉచితం' అని హైదరాబాద్ కస్టమర్‌కి చెప్పేసింది, ఇప్పుడు ఇవ్వాలా అని అడిగారు కదండీ. ఇచ్చేయండి. ఎయిర్ కెనడా అనే విమాన సంస్థ బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు చెబితే, దాని మాటకి మాది పూచీ కాదన్న కంపెనీ వాదనని 2024లో అక్కడి ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, డబ్బు కట్టించింది. ఆ తీర్పు మనకి వర్తించదు గానీ, కస్టమర్ దగ్గర స్క్రీన్‌షాట్ ఉందిగా!

ఇక అసలు పని. బాట్‌కి మీ నర్సరీ సంగతి తెలీదు. ఎక్కడెక్కడో నేర్చిన మాటల ధోరణిలో నమ్మకంగా అల్లేస్తుంది. అందుకే రకం, కవరు సైజు, ధర, లారీ కిరాయి, చచ్చిన మొక్కకి మీరిచ్చేదేంటి, అన్నీ ఒక షీటులో రాసి బాట్‌కి ఇచ్చి, 'ఇందులో లేనిది అడిగితే మా మనిషికి అప్పజెప్పు' అని సూచన పెట్టండి. ధర మారిన రోజే షీటూ మార్చాలి, లేకపోతే మళ్ళీ అదే గోల. సూచన ఒక్కటే నమ్ముకోకండి. వాపసు, నష్టం, బేరం మాటొస్తే బాట్‌ని నోరెత్తనివ్వకుండా నేరుగా మీకే మళ్ళించండి. వాటికి కస్టమర్ చివరి మెసేజ్ వచ్చిన 24 గంటల్లోగా జవాబివ్వాలి. అది దాటితే వాట్సాప్ బిజినెస్ ఏపీఐలో (బాట్‌ని వాట్సాప్‌కి కలిపే ఏర్పాటు) ముందే రాసిపెట్టి వాట్సాప్ ఆమోదం పొందిన టెంప్లేట్ మెసేజే వెళ్తుంది. బాట్‌తో గోదారి యాస మాట్లాడించే ముచ్చట తర్వాత చూద్దురుగాని.