ముందు పళ్ల వెనీర్లకు ఏ పింగాణీ మేలు?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 27 ఏళ్లు. మాది నల్గొండ జిల్లాలోని ఒక పల్లె. చిన్నతనంలో తాగిన బోరు నీళ్ల వల్ల నా పై ముందు పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు, అక్కడక్కడ చిన్న గుంటలు ఏర్పడ్డాయి. హైదరాబాదులో ఒక దంతవైద్యులు ఈమాక్స్ వెనీర్లు, అంటే పంటి ముందు ముఖం మీద అతికించే పలుచని పింగాణీ పలకలు, వేయించుకోమన్నారు. మరొకరు జిర్కోనియా అనే గట్టి పింగాణీ అయితే జన్మలో విరగదని చెప్పారు. అమెరికాలో ఉన్న మా బంధువు ఒకరు చేత్తో పొరలు పొరలుగా పేర్చిన పింగాణీ వెనీర్లు వేయించుకున్నారు, అవి అచ్చం సొంత పళ్లలాగే ఉన్నాయి. నేను నిద్రలో పళ్లు కొరుకుతానని మా అమ్మ అంటుంది. నాకు ఏది సరిపోతుందో దయచేసి చెప్పగలరా?
— ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. ఈ మచ్చలు మీరు సరిగా పళ్లు తోముకోకపోవడం వల్ల వచ్చినవి కావు. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఈ జబ్బు, గురించిన తొలి శాస్త్రీయ నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే వచ్చింది. పన్ను చిగురులో తయారవుతున్న వయసులో నీటిలోని ఫ్లోరైడు ఎక్కువైతే ఎనామిల్ (పంటి పైన ఉండే గట్టి పొర) ఇలాగే ఏర్పడుతుంది. అందుకు మీరు సిగ్గుపడవలసిన పని లేదు.

ఇక పింగాణీ సంగతి. ఏది గట్టిది అన్న ప్రశ్నతో మొదలుపెడితే జిర్కోనియా దగ్గరే ఆగిపోతాం. వెనీరు విషయంలో మొదట చూడవలసినవి రెండు: మీ పంటి మీద ఎనామిల్ ఎంత మిగిలి ఉంది, అడుగున ఉన్న రంగు ఎంత ముదురు. అర మిల్లీమీటరు మందం ఉండే ఈ పలక చేతిలో ఉన్నప్పుడు కాస్త నొక్కినా విరుగుతుంది. అదే పలక ఎనామిల్‌కు బాగా అతుక్కున్నాక ఏళ్ల తరబడి నిలుస్తుంది. పలక లోపలి వైపున హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం రాసినప్పుడు అందులోని గాజు భాగం కొంత కరిగి, నిగనిగలాడే ఉపరితలం మసకబారి, కంటికి కనబడని రంధ్రాలు ఏర్పడతాయి. దాని మీద అతుకును బలపరిచే సైలేన్ అనే ద్రవం పూస్తారు. పంటి మీద ఫాస్ఫారిక్ ఆమ్లంతో అలాంటి గరుకుదనమే తెస్తారు. ఈ రెండు గరుకు ముఖాల మధ్య రెజిన్ సిమెంటు (ప్లాస్టిక్ లాంటి జిగురు) చొరబడి గట్టిపడుతుంది. ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేసే పద్ధతిని బ్యూనోకోర్ అనే అమెరికా దంతవైద్యుడు 1955లో చూపించారు. పింగాణీనీ అలాగే గరుకు చేసి అతికించడం 1980ల మొదట్లో వచ్చాకే వెనీరు శాశ్వత వైద్యంగా మారింది. 1930లలో హాలీవుడ్ నటులకు పింకస్ అనే దంతవైద్యుడు పెట్టిన తొడుగులు షూటింగ్ అయ్యాక తీసేయవలసినవే.

జిర్కోనియా దృఢత్వం వెయ్యి మెగాపాస్కళ్లకు (విరగకుండా తట్టుకునే బలాన్ని కొలిచే ప్రమాణం) అటూ ఇటూగా ఉంటుందన్నది నిజమే. కానీ అందులో గాజు లేదు కాబట్టి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం దాని మీద పనిచేయదు. అల్యూమినా పొడిని గాలితో చిమ్మి, ప్రైమరు అనే ప్రత్యేకమైన ద్రవం పూసి అతికించాలి. పంటిని చుట్టూ పట్టుకునే క్యాపుకు ఆ అతుకు చాలు. కేవలం ముందు ముఖం మీద ఆనుకునే పలుచని వెనీరుకు గాజు పింగాణీల అతుకంత భరోసా అది ఇవ్వదు. వెనీరు విరగకుండా ఊడి చేతికి వచ్చినా నష్టం నష్టమే కదా. పైగా, కాంతి బాగా ప్రసరించేలా తయారుచేసిన జిర్కోనియా రకాల్లో ఆ దృఢత్వం చాలావరకు తగ్గిపోతుంది. దవడ పళ్ల క్యాపులకు జిర్కోనియాను నేను నిస్సంకోచంగా సూచిస్తాను, మీ ముందు పళ్లకు మాత్రం వద్దంటాను.

మీ బంధువు వేయించుకున్నది ఫెల్డ్‌స్పతిక్ పింగాణీ అయి ఉండవచ్చు. దాని దృఢత్వం 60 నుంచి 100 మెగాపాస్కళ్లే అయినా, మంచి ల్యాబు టెక్నీషియన్ చేతిలో 0.3 మిల్లీమీటర్ల మందంలోనే పంటి లోపలి కాంతిని సైతం చూపించగలదు. తెల్లటి పలుచని చీర కింద ముదురు రంగు లంగా తెలిసిపోయినట్టు, ఆ పారదర్శకత వల్లనే మీ పళ్ల గోధుమ రంగు బయటికి కనబడుతుంది. అడుగు రంగు బాగున్న పళ్లకే అది అందం.

ఈమాక్స్ అన్నది లిథియం డైసిలికేట్ రకం పింగాణీకి ఒక కంపెనీ పెట్టిన పేరు. గాజులో సూదుల్లాంటి స్ఫటికాలు దట్టంగా అల్లుకుని ఉండడం వల్ల, తయారీ పద్ధతిని బట్టి 350 నుంచి 500 మెగాపాస్కళ్ల వరకు దృఢత్వం ఉంటుంది. ఆమ్లంతో గరుకూ అవుతుంది. కాంతిని ఎక్కువగా, తక్కువగా ప్రసరింపజేసే వేర్వేరు రకాల్లో దొరుకుతుంది. మీకు తక్కువ పారదర్శకత ఉన్న రకాన్ని తీసుకుని, కొరికే అంచు దగ్గర మాత్రం పలుచగా పింగాణీ పొర పేర్పించడం మేలని నా అభిప్రాయం.

అయితే తొందరపడవద్దు. పంటి రంగును ఒక్కో మెట్టు మార్చడానికి వెనీరుకు సుమారు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల మందం కావాలని అంచనా. చిగురు దగ్గర ఎనామిల్ మొత్తం మందమే దాదాపు 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లు. ముదురు రంగును వెనీరుతోనే కప్పాలనుకుని అక్కడ అరగదీస్తే ఎనామిల్ కింద ఉండే డెంటిన్ అనే పొర బయటపడుతుంది, దాని మీద అతుకు బలహీనం. అందుకే ముందు మైక్రో అబ్రేషన్ (మచ్చలున్న పై పొరను అతి పలుచగా అరగదీయడం), బ్లీచింగ్ (మందుతో పళ్లను తెల్లబరచడం) చేయించి రంగు ఎంత తగ్గుతుందో చూడండి. అంతటితోనే తృప్తి కలిగితే వెనీర్ల అవసరమే ఉండకపోవచ్చు. బ్లీచింగ్ తరువాత అతికించడానికి కనీసం రెండు వారాలు ఆగాలి, లేకపోతే పంటిలో మిగిలిన ఆక్సిజన్ సిమెంటును సరిగా గట్టిపడనివ్వదు. ఫ్లోరోసిస్ సోకిన ఎనామిల్ పై పొర ఆమ్లానికి త్వరగా లొంగదు కాబట్టి ఎక్కువసేపు గరుకు చేయవలసి రావచ్చు. ఈ సంగతి మీ డాక్టరుగారితో తప్పక మాట్లాడండి.

పళ్లు కొరికే అలవాటును పరీక్ష చేయించుకోకుండా ఏ పింగాణీ వేయించుకున్నా ప్రమాదమే. కొరికే అంచులు ఇప్పటికే అరిగి ఉంటే, వెనీర్లు వేసిన తరువాత రాత్రిపూట నైట్ గార్డు (పళ్లకు తొడిగే రక్షణ తొడుగు) పెట్టుకోక తప్పదు. అరగదీసిన ఎనామిల్ తిరిగి రాదు గనుక, పళ్లను ముట్టుకోకముందే తాత్కాలిక రెజిన్‌తో నమూనా వేసి అద్దంలో చూపించమని అడగండి.

ప్రశ్న: నాకు పింగాణీ వెనీర్లు ఉన్నాయి. పళ్లు పుచ్చకుండా ఫ్లోరైడ్ జెల్ రాయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రాయించుకోవచ్చు. కాకపోతే ఆమ్ల గుణం ఉన్న ఫ్లోరైడ్ జెల్ పింగాణీ మెరుపును దెబ్బతీసి, గరుకుగా మారుస్తుంది. వెనీర్లు ఉన్నాయని ముందే చెప్పి, ఆమ్లం లేని సోడియం ఫ్లోరైడ్‌ను వాడమని అడగండి.