కాలువ గట్టు రోడ్డు మీద పాపకు బెల్టు పెట్టాలా, ఒళ్లో కూర్చోబెట్టుకోవాలా?

మీ పాపకు రెండేళ్లన్నారు. రావులపాలెం దాటాక పుట్టింటి దాకా కాలువ గట్టు రోడ్డే, కారు నీళ్లలో పడితే బెల్టు విప్పలేమని ఇంట్లో వాళ్ల భయం. మాదీ కోనసీమేనండి, మా అత్తయ్యగారూ ఇదే మాట అనేవారు. అయినా బెల్టే పెట్టండి, అంటే కార్ సీట్లో (పిల్లల కోసం విడిగా దొరికే, కారు సీటు మీద బిగించే సీటు) కూర్చోబెట్టి దాని బెల్టు.

కారు కాలువలోకి మెల్లగా దిగుతుందనుకోవద్దు. ముందు చెట్టునో, వంతెన పిట్టగోడనో గుద్దొచ్చు, లేదా గట్టు మీంచి పల్టీ కొట్టొచ్చు. ఆ దెబ్బకు మీకు స్పృహ తప్పితే పాపను బయటికి తీసేదెవరు? యాభై స్పీడులో గుద్దితే పది కిలోల బిడ్డను పట్టుకోవడమంటే కొన్ని వందల కిలోల బరువును ఆపినట్టే. ఏ తల్లి చేతులకూ అది సాధ్యం కాదు.

కోతల రోజుల్లో ఒక రాత్రి, వెనక లైటు లేని గడ్డి ట్రాక్టరు కనబడి మావారు సడన్ బ్రేకు వేశారు. వెనక సీట్లో పెట్టిన కొబ్బరికాయల సంచి ముందుకు ఎగిరి గేరు దగ్గర పడింది. పక్కనే కార్ సీట్లో ఉన్న బాబు కదల్లేదు. ఆ సంచి చూశాక అత్తయ్యగారు ఒళ్లో కూర్చోబెట్టుకుంటానని మళ్లీ అనలేదు.

నీళ్ల భయం ఉంటే దానికి వేరే సిద్ధపడాలి. కార్ సీటు బకిల్ గట్టిగా ఉంటుంది, చూడకుండా విప్పడం ఇంట్లోనే అలవాటు చేసుకోండి. నీళ్లలో పడితే తలుపుతో పెనుగులాడొద్దు, బయటి నీటి ఒత్తిడికి అది రాదు. కారు కాసేపే తేలుతుంది. ఆలోపే బెల్టులు విప్పి, పక్క అద్దాలు దించి, పిల్లల్ని ముందు బయటికి పంపాలి. వెనక అద్దాల లాక్ స్విచ్ డ్రైవరు దగ్గర ఎక్కడుందో మీకూ తెలిసుండాలి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి చేతికందే చోట పెట్టండి, డిక్కీలో కాదు.

కార్ సీటు వెనక సీట్లోనే బిగించండి. పాప ఎత్తు, బరువు సరిపోయినంత కాలం కారు వెనక వైపుకి తిరిగి కూర్చునేలా ఉంచడం మంచిది. భుజం దగ్గర పట్టీ వేళ్లతో మడత పట్టేంత వదులుంటే ఇంకా బిగించాలి. 2019 చట్ట సవరణ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో, కార్ సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది.

ఇంకోటి, ఊరు చేరాక మావయ్యలు పాపను బండి ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పుతారు. 9 నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు బండి మీద హెల్మెట్, బిడ్డను నడిపేవారికి కలిపి కట్టే పట్టీలు (హార్నెస్) ఉండాలని, స్పీడు 40 దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి రూల్ ఉంది. మొహమాటపడకుండా వెళ్లిన రోజే చెప్పేయండి.