టెస్ట్‌కు రాలేకపోయిన పిల్లల గురించి

పర్లాకిమిడి, ఒడిశా

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ క్లాసులో మొదటి ఇంటర్నల్ టెస్ట్‌కు తొమ్మిది మంది రాలేదని, ఇప్పుడు ఒక్కొక్కరే స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి బతిమాలుతుంటే టెన్షన్‌గా ఉందని రాశావు. ఎవరు నిజం చెబుతున్నారో కనిపెట్టే పని మాత్రం పెట్టుకోకమ్మా. నేను చాలా ఏళ్లు అదే చేశాను. మెడికల్ సర్టిఫికెట్ తెచ్చినవాడికి మళ్లీ పెట్టాను, తేలేనివాడికి సున్నా వేశాను. డబ్బులు పెడితే ఆ కాగితం ఎవరికైనా దొరుకుతుంది. కొండ మీద ఊళ్లో జ్వరంతో పడుకున్న పిల్లకు రాసిచ్చే డాక్టర్ ఎక్కడ?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎన్నో ప్రాణాలు పోయాయి. కాలేజీ తెరిచాక ఒక సవర కుర్రాడు నోట్ పుస్తకం పట్టుకుని వచ్చాడు. నీళ్లలో నానితే ఎండబెట్టాడు. పేజీలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి, సగం అక్షరాలు నీలం మరకలైపోయాయి. ‘‘టెస్ట్ రాస్తాను సార్, చదవడానికి ఇదొక్కటే మిగిలింది’’ అన్నాడు. కాగితం ఏదని అడగబోయి ఆగిపోయాను. నా పద్ధతి మారింది అప్పుడే.

సెమిస్టర్ మొదటి రోజే క్లాసులో చెప్పెయ్, బోర్డు మీద ఒడియాలో కూడా రాయించు: చివరి ఇంటర్నల్ అయిన వారానికి ఒక శనివారం మేకప్ టెస్ట్. ఒక టెస్ట్‌కు రాలేకపోయినవాళ్లు ఎవరైనా రావచ్చు, కారణం అడగవు. రెండో టెస్ట్‌కు కూడా రాకపోతే మాత్రం పిలిచి కూర్చోబెట్టి మాట్లాడు. అప్పటికి ఇంట్లో ఏదో జరుగుతూ ఉంటుంది.

మేకప్ టెస్ట్ పేపర్ మొదటిదానితో పాటే తయారుచేసుకో. తర్వాత చేద్దామనుకుంటే తెలియకుండానే కష్టంగా వస్తుంది, కావాలని కష్టంగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అది ఎగ్గొట్టినవాడికి తగలదు, జ్వరం నుంచి లేచినవాడికి తగులుతుంది. అంకెలు మార్చి అవే ప్రశ్నలు ఇవ్వకు, హాస్టల్లో ఆ రాత్రికే తిరిగిపోతాయి. ఒకరిద్దరే కదా, నోటితో అడిగేద్దాం అనిపిస్తుంది. క్లాసులో నోరు విప్పని పిల్లను అలా అడిగితే వచ్చింది కూడా మరిచిపోతుంది. రాయనివ్వు.

యూనివర్సిటీ పరీక్షకు రాలేకపోతే అది నీ చేతిలో లేదు. ఏమీ మాటివ్వకు, ఆఫీసుకు పంపించు.

బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి అమ్మవారి జాతర వస్తుంది కదా, ఆ రోజుల్లో టెస్టే పెట్టకు. మన నేత కుటుంబాల పిల్లలు ఇంటి మొక్కులు వదిలి రాలేరు.

ఈ తొమ్మిది మందికి ముందుగా చెప్పలేదు కాబట్టి తప్పు వాళ్లది కాదు. రేపే క్లాసులో తేదీ చెప్పు. ఒక్కొక్కరినీ గుమ్మంలో నిలబెట్టకు తల్లీ.

మీ పెదనాన్న