పిల్లల వాటాను తల్లి అమ్మవచ్చా?

సందేహం: మాది మదనపల్లె దగ్గర పల్లె. బతుకుదెరువు కోసం బెంగళూరు వచ్చి లగ్గెరెలో స్థిరపడ్డాం. మా ఆయన తాపీమేస్త్రీ. తన కష్టార్జితంతో 20×30 సైటు కొని, తన పేరున రిజిస్టరు చేయించుకుని రెండు గదుల ఇల్లు, పైన ఒక రేకుల గది కట్టారు. నిరుడు చనిపోయారు. పాపకు 16 ఏళ్లు, బాబుకు 10. నేను పీణ్యలో గార్మెంట్స్ పనికి వెళ్తున్నాను. స్కూలు ఫీజులకూ ఆయన చేసిన చేబదుళ్లకూ నా జీతం చాలడం లేదు. ఇల్లు అమ్మి ఊరికి వెళ్లిపోవాలనుకుంటున్నాను. మరిదిగారు కొనేవారిని తెచ్చారు. పిల్లల తరఫున నేను సంతకం పెడితే చాలంటున్నారు, తనకూ వాటా కావాలంటున్నారు. ఖాతా (పురపాలక రికార్డులో ఇంటి యజమాని పేరు) మార్పిస్తానని అసలు పత్రం ఆయనే పట్టుకెళ్లారు. అత్తగారు మాతోనే ఉంటారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, లగ్గెరె

సమాధానం: అమ్మా, మీ సంతకం ఒక్కటే చాలదు. మీ మరిదికి వాటా లేదు. ఈ రెండు మాటలూ ముందు మనసులో పెట్టుకోండి.

మీ భర్త వీలునామా రాయలేదనే అనుకుంటున్నాను. స్వార్జితం కాబట్టి, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ ఇల్లు భార్యకు, కొడుకుకు, కూతురుకు, తల్లికి సమానంగా వస్తుంది. అంటే మీకు నాలుగో వంతు, అత్తగారికి నాలుగో వంతు, మిగిలిన సగం పిల్లలిద్దరిది. వీరిలో ఒక్కరున్నా తోడబుట్టిన వారి దాకా వారసత్వం వెళ్లదు.

తండ్రి పోయాక పిల్లలకు సహజ సంరక్షకురాలు మీరే. కానీ హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం కోర్టు ముందస్తు అనుమతి లేకుండా మైనర్ల స్థిరాస్తిని మీరు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. పాప చేత కూడా సంతకం పెట్టిద్దామని ఎవరైనా అంటే నమ్మకండి, పదహారేళ్ల పిల్ల సంతకం చట్టానికి లెక్కలోకి రాదు. అనుమతి లేకుండా అమ్మేస్తే, పిల్లలు మేజర్లయ్యాక మూడేళ్ల లోపు తమ వాటా వరకు ఆ అమ్మకాన్ని కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. కొనేవారికి ఇది తెలియదనుకోకండి. తెలుసు కనుకనే ధర తెగ్గోస్తారు. అంతటితో ఆగరు. రేపు పిల్లలు దావా వేస్తే నష్టమంతా తల్లే భరించాలని ఒక షరతు కూడా పత్రంలో ఇరికిస్తారు. చౌకగా అమ్ముకున్నదీ మీరే, కన్నపిల్లలు దావా వేస్తే పరిహారం కట్టాల్సిందీ మీరే!

నిజంగా అమ్మక తప్పకపోతే సిటీ సివిల్ కోర్టులో అనుమతి కోరుతూ పిటిషన్ వేయాలి. పిల్లలకు అవసరమో, స్పష్టమైన మేలో ఉందని చూపాలి. అనుమతిచ్చేటప్పుడు కోర్టులు సాధారణంగా మైనర్ల సొమ్మును వారి పేరున బ్యాంకులో డిపాజిట్ చేయమంటాయి. కాబట్టి ఆ సగం డబ్బుతో అప్పులు తీర్చవచ్చన్న లెక్క వేసుకోకండి.

నన్నడిగితే ఇప్పుడు అమ్మవద్దనే అంటాను. అద్దె కట్టనవసరం లేని కొంప ఉండబట్టే గార్మెంట్స్ జీతంతో ఈ మాత్రమైనా నెట్టుకొస్తున్నారు. ఊళ్లో పొలమో, పనో ఎదురుచూస్తోందని మీరు రాయలేదు. పాప చదువు కీలకమైన చోట ఉంది, దాన్ని నడిమధ్యలో తెంచడం మంచిది కాదు.

అప్పుల సంగతి. మీరు సంతకం పెట్టని అప్పుకు మీ జీతం, మీ నగలు పూచీ కావు. ఆయన వదిలివెళ్లిన ఆస్తి మేరకే బాధ్యత. ఏ అప్పుకు ఎవరి సంతకం ఉందో ఒక కాగితం మీద రాసుకోండి, సగం భయం అక్కడే పోతుంది. పైన రేకుల గది అత్తగారితో మాట్లాడి పదకొండు నెలల ఒప్పందం మీద నెలసరి అద్దెకు ఇవ్వండి. బెంగళూరులో ‘లీజు’ పేరిట కొన్ని లక్షలు ఒకేసారి తీసుకుని అద్దె వదిలేసే పద్ధతి ఉంది కదా, దాని జోలికి పోవద్దు. పేరు లీజే గాని, చివర్లో మొత్తం తిరిగి ఇవ్వాల్సిన అప్పు అది. మీ భర్తకు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి కార్డు ఉందేమో వెతకండి. ఉంటే కుటుంబానికి మరణ సహాయం అడగవచ్చు. దరఖాస్తుకు గడువుంటుంది, ఈ వారమే కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి. బాబు అయిదో తరగతికి వచ్చి ఉంటే మొరార్జీ దేశాయి గురుకులాల ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయించండి. అక్కడ చదువు, భోజనం, వసతి ఉచితం.

అత్తగారి విషయంలో కొంచెం జాగ్రత్త. మరిదికి నేరుగా హక్కు లేకపోయినా, తల్లి తన నాలుగో వంతును ఆయనకు దానంగా రాసివ్వవచ్చు. రాయకుండా కాలం చేసినా ఆ వాటాలో ఆయనకూ భాగం వస్తుంది. ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే ఆ వాటాను మనవలకు రిజిస్టరు దానపత్రం చేయించుకోవచ్చు. ఒత్తిడి మాత్రం పెట్టకండి. కొడుకును పోగొట్టుకున్న మనిషి. పైగా ఒత్తిడితో రాయించిన పత్రం కోర్టులో నిలవదు.

ఇక అసలు పత్రం. ఖాతా మార్పుకు సాధారణంగా నకళ్లతోనే పని జరుగుతుంది. మరణ ధ్రువపత్రం, నాడకచేరి అనే రెవెన్యూ కార్యాలయంలో తీసుకున్న వంశవృక్షం జతచేసి నలుగురి పేర్ల మీదా ఖాతా మార్చమని మీరే దరఖాస్తు పెట్టండి. పత్రం తిరిగి ఇవ్వమని మరిదికి రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాయండి. ఇవ్వకపోయినా కంగారు పడకండి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ధ్రువీకరించిన నకలు దొరుకుతుంది. అక్కడే ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) కూడా తీయించి, ఆ ఇంటి మీద కొత్తగా ఏదైనా లావాదేవీ నమోదైందేమో చూసుకోండి. లాయరు ఫీజుకు వెనకాడవద్దు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. 15100కు ఫోను చేయండి, లేదా సిద్దయ్య రోడ్డులో న్యాయసేవల ప్రాధికార కార్యాలయం ఉన్న న్యాయ దేగుల భవనానికి వెళ్లి అడగండి. వెళ్లేటప్పుడు పిల్లల జనన ధ్రువపత్రాలు తీసుకెళ్లండి.