సీమ రాళ్ల మీదికి ఎంత సస్పెన్షన్ కావాలి?

పోయినసారి హెల్మెట్ల గురించి రాస్తే ఉత్తరాలు మాత్రం కుదుపులు మింగే షాకుల గురించి వచ్చాయి. ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న మౌంటెన్ బైకు కొనాలనే మోజు మన సీమలో ఇంత ఉందని నాకే తెలియదు. నాలుగు ఉత్తరాలకి ఇక్కడ జవాబులు. మొదటిదానికి కాస్త ఎక్కువ చోటు ఇచ్చాను, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను.

ప్రశ్న: అన్నా, మాది అనంతపురం. వయసు 31, ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, బరువు 82 కిలోలు. రెండేళ్లుగా ముందు చక్రాన్ని పట్టే ఫోర్కుకి మాత్రమే సస్పెన్షన్ ఉన్న సైకిల్ తొక్కుతున్నాను. ఆదివారాలు గాలిమరల కోసం వేసిన మట్టిరోడ్లెక్కి, గొర్రెలు నడిచే దారెంట దిగుతాం. దిగేటప్పుడు వెనక చక్రం ఎగిరెగిరి నడుము పట్టేస్తోంది. బెంగళూరులో ఒకాయన 160 మిల్లీమీటర్ల ట్రావెల్ (చక్రం కుంగే దూరం) ఉన్న ఫుల్ సస్పెన్షన్, లార్జ్ సైజు, రెండేళ్లు వాడింది 1,60,000కి ఇస్తానంటున్నాడు. లార్జ్ అయితే దిగుడులో కదలకుండా ఉంటుంది, తీసుకో అంటున్నారు మావాళ్లు. తీసుకోమంటారా?

జవాబు: వద్దన్నా. బైకు మంచిదే అయ్యుండొచ్చు, ధరకూ వంక పెట్టలేం, కానీ అది మీ ఒంటికి కుట్టిన చొక్కా కాదు.

సైజు సంగతి ముందు. ఎస్, ఎం, ఎల్ అనే అక్షరాలు ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటాయి, కాబట్టి అక్షరం వదిలేసి రీచ్ అనే అంకె అడగండి. పెడళ్లు తిరిగే క్రాంకు ఇరుసు మీదుగా నిలువుగా ఒక గీత, ఫ్రేములో హ్యాండిల్ దూరే పైపు పైకొన మధ్యనుంచి ఇంకో నిలువు గీత గీశామనుకోండి, ఆ రెంటి మధ్య దూరమే రీచ్. దిగుడులో మనం సీటు మీద కూర్చోం, పెడళ్ల మీద నిలబడతాం, కాబట్టి అప్పుడు చేతులు ఎంత చాపాలో తేల్చేది ఈ అంకే. ఇప్పటి లార్జ్ ఫ్రేముల్లో అది 470 నుంచి 490 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ ఎత్తుకి 420 నుంచి 440 మధ్యలో వెతకండి. స్టెమ్, అంటే హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే ముక్క, పొట్టిది వేస్తే సరిపోతుందని ఎవరో ఒకరు చెప్తారు. 50 మిల్లీమీటర్ల స్టెమ్ తీసి 35ది వేస్తే తగ్గేది 15, మీకు ఎక్కువైంది 40, 50. లెక్క మీరే చూసుకోండి.

నా మొదటి ఫుల్ సస్పెన్షన్ ఇలాగే ఒక సైజు పెద్దది. షాపులో అదొక్కటే మిగిలుంది, సీటు ముందుకి జరిపితే సెట్ అయిపోతుంది సార్ అన్నాడు, ఆఫరు చూసి నేనూ తలూపాను. ఎక్కేటప్పుడు ఏమీ తెలియలేదు. దిగుడులో ఎర్ర గరుసు మీద మలుపు తిరిగేచోట, చేతులు చాలక బరువంతా వెనక్కి పోయి, ముందు చక్రం మీద ఏమీ లేక, అది చీపురుతో ఊడ్చినట్టు పక్కకి జారిపోయింది. మోచేతిలో దిగిన గరుసు గింజలు ఏరడానికి కాంపౌండరుకి అరగంట పట్టింది. ఎనిమిది నెలలకే ఆ బైకుని నష్టానికి అమ్ముకున్నాను.

ఇక ఆ 160. లిఫ్టులో కొండెక్కి రోజంతా దిగడమే పనిగా పెట్టుకున్న చోట్లకి అంత ట్రావెల్ కావాలి. మన గుట్టలు పొట్టివి, ఎగుడు నిటారు, దిగుడు పది నిమిషాలు దాటదు, ఎక్కడం మాత్రం మన కాళ్లతోనే. 160 బైకు చాలావరకు 15 కిలోలు దాటుతుంది, పైగా దాని ఫోర్కు ముందుకి బాగా వాలి ఉంటుంది కాబట్టి నెమ్మదిగా ఎక్కేటప్పుడు ముందు చక్రం తాగినోడిలా అటూ ఇటూ పోతుంది. మీరు చెప్పిన దారులకి వెనక 120 నుంచి 130, ముందు 130 లేదా 140 ఉంటే ధారాళంగా సరిపోతుంది. గండికోట వైపు మెట్లుమెట్లుగా ఉండే రాళ్ల మీదినుంచి దూకే కుర్రాళ్లని నేనూ చూశాను, వాళ్లకి 150 అవసరమే అనుకుందాం, మీరు నడుము నొప్పి గురించి కదా రాసింది.

మీ బరువు గురించి ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. నీళ్లు 3 లీటర్లు, పనిముట్లు, హెల్మెట్ కలిపితే మీరు 87 కిలోల దాకా తూగుతారు. కాబట్టి వెనక షాకు గాలిదే ఉండాలి, అప్పుడే మీ బరువుకి తగ్గట్టు గాలి నింపుకోవచ్చు. చాలా షాకులకి మొదలుపెట్టే లెక్క సులువు: మన బరువు పౌండ్లలో ఎంతో అంత పీఎస్ఐ. 82 కిలోలంటే 180 పౌండ్లు, 180 దగ్గర మొదలుపెట్టండి. దీనికి మామూలు పంపు పనికిరాదు, షాకు పంపు అని వేరే ఉంటుంది, బైకుతో పాటే కొనండి. తర్వాత సాగ్ చూడాలి, అంటే మనం ఎక్కి కూర్చోగానే షాకు ఎంత కుంగిందనేది. షాకు మెరిసే కడ్డీ మీద సన్నటి రబ్బరు రింగు ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని దుమ్ముకి అడ్డం అనుకుంటారు. దాన్ని వేలితో పైకి సీలు దాకా నెట్టి, బ్యాగు తగిలించుకుని, గోడ పట్టుకుని మెల్లగా ఎక్కి కూర్చోండి. ఊగకండి. అంతే మెల్లగా దిగి చూస్తే రింగు కిందికి జరిగి ఉంటుంది. షాకు స్ట్రోకు, అంటే అది మొత్తం కుంగగలిగే దూరం, 50 మిల్లీమీటర్లయితే రింగు 14, 15 దగ్గర ఆగాలి. 20 దగ్గర ఆగితే గాలి తక్కువ, 8 దగ్గరే ఆగితే ఎక్కువ, ఐదేసి పీఎస్ఐ చొప్పున సరిచేయండి. ముందు ఫోర్కుకి ట్రావెల్‌లో ఐదో వంతు కుంగితే చాలు. పైసా ఖర్చు లేని ఈ పని చేయకుండా లక్షల బైకు బాలేదనేవాళ్లు బోలెడు మంది.

సెకండ్‌హ్యాండ్ తీసుకోవద్దని నేను అనను. సరైన సైజు దొరికితే సీటు పట్టుకుని వెనక చక్రం నేలనుంచి కొద్దిగా లేపి దించండి. టక్కు టక్కుమని ఆడితే జాయింట్లలో బేరింగులో, షాకు బుష్‌లో పోయినట్టు. ఫోర్కు గొట్టాల మీద గోరు ఆనించి కిందికి లాగండి, గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ గీత మీదుగా నూనె కారుతుంది, బేరం అక్కడే ఆపేయండి. మన దుమ్ముకి ఫోర్కు సర్వీసు వాయిదా వేయకూడదు, కంపెనీని బట్టి 50 గంటలకో 125 గంటలకో చేయించమంటారు. అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్ల పైచిలుకు, ఆ ఖర్చు కూడా బైకు ధరలో కలుపుకోండి.

అసలు ముందు ఒక పని చేయండి. ఇప్పుడున్న సైకిల్ టైర్లలో గాలి ఎంత కొడుతున్నారు? ట్యూబులుండి 40 పీఎస్ఐ అయితే నడుము పట్టక ఏం చేస్తుంది! 2.4 అంగుళాల టైర్లు పడతాయేమో చూసి ట్యూబ్‌లెస్ చేయించి, ముందు 23, వెనక 26 పెట్టి నెల రోజులు తొక్కండి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే మళ్లీ రాయండి, బైకులు కలిసి వెతుకుదాం.

ప్రశ్న: అన్నా, నేను కడపలో టీచర్ని. ఎత్తు సరిగ్గా 5 అడుగులు, బరువు 48 కిలోలు. కంపెనీ చార్టు చూస్తే ఎక్స్‌ట్రా స్మాల్ అంటోంది, అమ్మేవాళ్లు స్మాల్ చాలు మేడం అంటున్నారు. 29 అంగుళాల చక్రాలు నాకు పెద్దవవుతాయా? తొక్కుతూనే సీటుని పైకీ కిందికీ జరుపుకునే డ్రాపర్ పోస్ట్ 150 మిల్లీమీటర్లది ఇస్తామంటున్నారు, అది మంచిదేనా?

జవాబు: అమ్మా, అమ్మేవాళ్ల మాట పక్కన పెట్టి ఒక లావుపాటి పుస్తకం, టేపు తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, పుస్తకం రెండు కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నంత గట్టిగా పైకి నొక్కి, నేలనుంచి పుస్తకం పైఅంచు దాకా కొలవండి. ఇది మీ కాలి కొలత, మీ ఎత్తుకి 70 సెంటీమీటర్ల అటూ ఇటూ వస్తుంది. దాన్ని 0.883తో గుణిస్తే దాదాపు 62 వస్తుంది, క్రాంకు ఇరుసు మధ్యనుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు అది. ఇప్పుడు డ్రాపర్ సంగతి తేలిపోతుంది. స్మాల్ ఫ్రేములో సీటు పైపు 38 సెంటీమీటర్లు అనుకుందాం. డ్రాపర్ కాలరూ, తలా, సీటూ కలిపి ఇంకో తొమ్మిదిన్నర. దాని మీద 150 డ్రాపర్ లేచే 15 సెంటీమీటర్లు వేస్తే 62.5 అవుతుంది, అంటే పోస్టుని పూర్తిగా లోపలికి దించినా మీకు అర సెంటీమీటరు ఎత్తు ఎక్కువే. 12.5 సెంటీమీటర్లది, అంటే 125 డ్రాపర్ వేయించుకోండి, హాయిగా సరిపోతుంది. అదే ఫ్రేములో సీటు పైపు 42 ఉంటే 125 కూడా పట్టదు, ఆ బైకు వద్దనండి.

ఫ్రేము పైకమ్మీకి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. సమతలంగా ఉన్న షాపు గచ్చు మీద కాదు, రాళ్ల మీద కాలు పల్లంలోకి పోయినప్పుడు ఈ ఖాళీ విలువ తెలుస్తుంది.

చక్రాల విషయంలో నా ఓటు 27.5కి. 29 రాళ్ల మీద సాఫీగా దొర్లుతుంది నిజమే, కానీ నిటారు దిగుడులో మనం సీటు వెనక్కి జరిగి వంగినప్పుడు, షాకు కుంగి వెనక టైరు పైకి వచ్చినప్పుడు, పొట్టివాళ్లకి ఆ టైరు ఎక్కడ తగులుతుందో నేను చెప్పక్కర్లేదు. ముందు 29, వెనక 27.5 పెట్టే బైకులూ ఉన్నాయి, మీ సైజులో దొరికితే బేషుగ్గా ఉంటుంది.

ఇంకొకటి. మీ బరువుకి షాకులో గాలి తక్కువ పెడతాం, 48 కిలోలంటే 106 పౌండ్లు. గాలి తక్కువున్నప్పుడు కుంగిన షాకు తిరిగి లేవడానికి బద్ధకిస్తుంది, కాబట్టి షాకు మీద ఎర్రగా ఉండే రీబౌండ్ మీటని బాగా తెరిచి పెట్టాలి. దాన్ని మూసి ఉంచితే వరసగా నాలుగు రాళ్లు తగిలేసరికి షాకు కుంగి కూర్చుంటుంది, బైకు బాలేదనిపిస్తుంది. హ్యాండిల్ కూడా 780 మిల్లీమీటర్లు వస్తే 720 దాకా కోయించుకోండి, భుజాలు నొప్పి పెట్టవు. చిన్న ఫ్రేముల్లో షాకు అడ్డొచ్చి నీళ్ల సీసాకి చోటుండదు, ఏప్రిల్లో కడపలో సీసా లేకుండా బయల్దేరడం ఎలాగుంటుందో మీకు తెలుసు కాబట్టి నీళ్లబ్యాగు తప్పదు.

తొక్కే చోటు గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. లంకమల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లకండి, అంతరించిందనుకున్నాక 1986లో మళ్లీ కనిపించిన కలివికోడి అనే పక్షి తిరిగే నేల అది. శేషాచలం, పాలకొండల వైపు ఎర్రచందనం ఉంటుంది, అక్కడ తెల్లవారుజామున వీపుకి బ్యాగుతో తిరిగితే ఫారెస్టువాళ్లకి సైకిల్ గొప్పదనం వివరించడం కష్టం.

ప్రశ్న: సార్, మాది కర్నూలు. మా అబ్బాయి టెన్త్ పాసయ్యాడు. వెనక ఎర్ర స్ప్రింగు ఉన్న ఫుల్ సస్పెన్షన్ సైకిల్ 18,000కి వస్తోంది, అదే కావాలని పట్టుబట్టాడు. కొనివ్వొచ్చా?

జవాబు: కొనివ్వకండి సార్. ఆ స్ప్రింగు ఊగడానికి ఉంది, ఊగడం ఆపడానికి లోపల ఏమీ లేదు. ఓర్వకల్లు రాళ్ల దాకా కూడా పోనక్కర్లేదు, నంద్యాల చెక్‌పోస్టు దాకా తొక్కితేనే కాలి బలం సగం స్ప్రింగు మింగేసినట్టు అబ్బాయికి తెలిసిపోతుంది. ఆ ధరలో ఇనుప ఫ్రేము, బరువూ ఎక్కువే. అదే డబ్బుకి ఇంకొంచెం కలిపి వెనక సస్పెన్షన్ లేని, అల్యూమినియం ఫ్రేము, డిస్క్ బ్రేకులు ఉన్నది తీసుకోండి. వాడు మొదటి వారం అలుగుతాడు. వాడి కాళ్లు ఇంకా పొడుగవుతాయి కూడా, రెండేళ్లాగి సైజు స్థిరపడ్డాక అసలైన ఫుల్ సస్పెన్షన్ గురించి మాట్లాడుకోవచ్చు, దాని ధర వింటే మీరే ఇంకో రెండేళ్లు ఆగమంటారు.

ప్రశ్న: అన్నా, ఆదోని నుంచి. 120 ట్రావెల్ ఫుల్ సస్పెన్షన్ కొన్నాను, బండి బాగుంది. కానీ వానొస్తే రేగడి, ఎండొస్తే ముళ్లు. నెలలో ఏడు పంచర్లు. ఏం చేయాలి?

జవాబు: రేగడికి మందు లేదన్నా, వానపడ్డాక రెండు రోజులు ఇంట్లో ఉండటమే. వెనక చక్రానికీ ఫ్రేము చేతులకీ మధ్య చోటు ముందే తక్కువ, అందులో నల్లమట్టి గడ్డకట్టి చక్రమే తిరగదు. బలవంతంగా తొక్కితే గేర్లు మార్చే డిరేలర్ విరుగుతుంది. కడిగేటప్పుడు వాటర్ సర్వీసింగ్ గన్నుతో జాయింట్ల మీద కొట్టకండి, బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. బకెట్టు, గుడ్డ చాలు.

ముళ్లకి మాత్రం ట్యూబ్‌లెస్ తప్ప దారి లేదు. పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, మీకు తెలియందేముంది. టైరుకి 100 మిల్లీలీటర్ల పైచిలుకు సీలెంట్, అంటే రంధ్రాలు పూడ్చే ద్రవం, పోయండి, చక్రం తిప్పుతుంటే పల్లేరు రంధ్రం నాలుగు చుట్లలో మూసుకుపోతుంది. తుమ్మముల్లు గుచ్చుకుంటే దారిలో పీకకండి, అలాగే ఇంటికి రండి, అక్కడ పీకి ఆ రంధ్రాన్ని కిందివైపు పెట్టి కాసేపు వదిలేయండి. మన ఎండలకి సీలెంట్ రెండు నెలల్లో ఎండి రబ్బరు తొక్కలా అయిపోతుంది, చక్రాన్ని చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల గలగలమనాలి. చప్పుడు లేదంటే ఆ సాయంత్రమే మళ్లీ పోయండి.