గేమింగ్ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు వేగాన్ని సురక్షితంగా పెంచడం ఎలా?

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఎన్విడియా, ఏఎండీ కార్డులు రెండింటికీ పనికొస్తుంది. వోల్టేజీ జోలికి మాత్రం వెళ్లకండి, కార్డుకు అసలు ముప్పు అక్కడే. ముందు ఏ మార్పూ చేయకుండా ఒక బరువైన ఆటను అరగంట ఆడి ఉష్ణోగ్రత చూడండి. అప్పటికే 80 డిగ్రీలు దాటుతుంటే వేగం సంగతి పక్కనపెట్టి ఫ్యాన్ల దుమ్ము దులపండి.

కోర్ క్లాక్‌ను, అంటే కార్డులోని ప్రధాన చిప్ వేగాన్ని, 15 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ ప్రతిసారీ పరీక్షించండి. తెరపై రంగుల చుక్కలు మెరిసినా, ఆట దానంతటదే మూసుకుపోయినా 30 వెనక్కి తగ్గండి.

చాలామంది మోసపోయేది కార్డులోని మెమరీ వేగం పెంచే దగ్గర. ఆర్‌టీఎక్స్ 3080 వంటి కార్డుల్లోని జీడీడీఆర్6ఎక్స్ మెమరీ, తప్పు దొర్లిన డేటాను మళ్లీ పంపించుకుంటుంది. అందుకే హద్దు దాటినా ఆట వెంటనే ఆగకపోవచ్చు, సెకనుకు తెరపై వచ్చే ఫ్రేముల (చిత్రాల) సంఖ్య మాత్రం పడిపోతుంది. కాబట్టి క్లాక్ అంకెను నమ్మకండి, ఫ్రేముల లెక్క చూసుకోండి.